మాసయ్య తినని పోగు

మాంసం ఎందుకు తినవని అడిగితే మాసయ్య ఒకసారి చెప్పిన కారణం రెండోసారి చెప్పేవాడు కాదు. ఆయనకున్న చాదస్తం అదొక్కటే. మిగతా విషయాల్లో తెలకపల్లి చుట్టుపక్కల పత్తి, పల్లి పండించుకునే అందరిలాంటి రైతే.

ఉగాదికి అడిగితే, "మేక కండ్లు అచ్చం మా మేనత్త కండ్ల లెక్కనే ఉంటయి. ఎట్ల తింట?" అన్నాడు. ఎండాకాలంలో అడిగితే, "పంటి సందుల ఇరుక్కుంటది. పుల్ల పెట్టి తీసుకుంట కూసుంటే చేను పని ఎవరు చేస్తరు?" అన్నాడు. వానాకాలం వచ్చేసరికి సాక్షాత్తు కురుమూర్తి స్వామి కలలోకి వచ్చి వద్దన్నాడు. స్వామి ఏమని చెప్పాడని ఎవరో గుచ్చి అడిగితే, "మాట్లాడలే. చెయ్యి ఊపిండు, గంతే" అని తేల్చేశాడు.

వనపర్తిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు వడ్డించే మనిషి పొరపాటున ఆయన విస్తట్లో మటన్ ముక్క వేశాడు. మాసయ్య దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, చూసి, పక్కనున్న ముసలాయన విస్తట్లోకి నెట్టి, "నీకు పండ్లు లేవు, నాకు మనసు లేదు. ఇద్దర్ల పండ్లు లేకుండుడే నయం, నమలకుంటనే చప్పరియ్యొచ్చు" అన్నాడు. ఆ ముసలాయన పెళ్ళి మాట మరిచిపోయి ఏడాదిపాటు ఈ మాటే చెప్పుకు తిరిగాడు.

ఇప్పుడు మాసయ్య లేడు. మొన్న మాఘంలో నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆయన కారణాలు మాత్రం ఊళ్ళో ఇంకా తిరుగుతున్నాయి. విందులో ఎవరైనా మాంసం వద్దంటే చాలు, "ఏంది, నీకు గూడ మేనత్త యాదికొచ్చిందా?" అంటారు.

ఆ కారణాలన్నిటినీ దగ్గరుండి భరించింది ఆయన భార్య మణెమ్మ. ఆమెకు మాంసం ఇష్టం. కాబట్టి ఇరవై ఏడేళ్ళపాటు ఆ ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు కుండలు. ఆమె లోపల మటన్ వండుతుంటే ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని వాసన చూస్తుండేవాడు.

"మణెమ్మా, అల్లం పచ్చివాసన పోలే. ఇంకా జరసేపు వేంచు."

"తిననోనివి, నీకెందుకయ్యా?"

"తింటలేను గని, ముక్కు ఉన్నది గద."

కాసేపటికి మళ్ళీ, "మంట తగ్గియ్యి, అడుగు పట్టుతున్నది" అనేవాడు. ఆమె మూత తీసి చూస్తే నిజంగానే అడుగంటుతూ ఉండేది.

ఇదంతా మణెమ్మకు అంతుపట్టేది కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వచ్చి ఒక్క పూటలో కోడిని ఒక్కడే తినేసి, "కోడి జర చిన్నగున్నది" అన్న మనిషి ఈయన. అలాంటివాడు ఒక దసరా పొద్దున మామూలుగా బయటికి వెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చి, "ఇయ్యాల్టి సంది నేను తిన" అన్నాడు. ఎందుకంటే, "పిత్తం" అన్నాడు. అదే మొదటి కారణం. ఆ తర్వాత ఎన్ని విన్నదో ఆమెకే గుర్తు లేదు. ఆమె కోరిక పెద్దదేం కాదు. అసలు కారణం ఒక్కసారి వినాలి. కుదిరితే ఒక్క కుండలో వండి, ఇద్దరూ ఒకచోట కూర్చుని తినాలి.

ఒక ఏడు జీవహింస అనే కారణం మాసయ్యకు దొరికింది. అది ఆయనకు బాగా నచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే మణెమ్మకు చీర కొందామని ఇద్దరూ గద్వాల పోయారు. నేతకారు చీర విప్పి, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు అని చూపించాడు.

"పట్టు ఏడికెల్లి వస్తది?" అన్నాడు మాసయ్య.

"పురుగు గూడు నుంచి."

"గూడు ఇప్పుతుంటే పురుగు ఏం చేస్తది?"

నేతకారు చీర కొంగు మడిచాడు. "ముందుగాల ఉడకబెడ్తరు" అన్నాడు.

ఇక మాసయ్య కదల్లేదు. అంచుతో సహా నూలుదే కావాలన్నాడు. గద్వాలలో పట్టు అంచు లేని చీర అడగడమంటే మామిడితోటకు పోయి ఆకులు అడిగినట్టు. చివరికి ఎక్కడో అడుగున ఉన్న ఒక చీర దుమ్ము దులిపి ఇచ్చారు. "గీయన జీవదయకు నా అంచు పోయింది" అని మణెమ్మ బస్సు దిగేదాకా అంటూనే ఉంది. మాసయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉడకబెడ్తరంట మణెమ్మా" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

విచిత్రమేమిటంటే, ఊళ్ళో మాంసం పోగులు పెట్టేది ఈ మాసయ్యే.

పండగపూట పదిహేను, ఇరవై ఇళ్ళవాళ్ళు కలిసి ఒక మేకపోతును తెస్తారు. కోసిన తర్వాత మోదుగాకులు పరిచి, ఇంటికొకటి చొప్పున కుప్పలుగా పంచుతారు. అవే పోగులు. ప్రతి పోగులో మెత్తటి ముక్క, ఎముక ముక్క, కార్జం, బోటి అన్నీ సమానంగా పడాలి. అన్నదమ్ముల మధ్య పొలం పంచడం దీనికన్నా సులువు. తినేవాడు పంచితే చెయ్యి తనకు తెలియకుండానే ఒక పోగువైపు వంగుతుంది. తిననివాడికి ఏ పోగైనా ఒకటే. అందుకే మాసయ్య పెట్టిన పోగుల మీద ఇరవై ఏడేళ్ళలో ఒక్క తగాదా రాలేదు. మేకపోతును కోసేటప్పుడు మాత్రం ఆ దరిదాపుల్లో కనబడేవాడు కాదు. అంతా అయ్యాక చేతులు కడుక్కుని వచ్చేవాడు.

పంచినవాడికి ఒక పోగు ఊరికే ఇవ్వడం ఆనవాయితీ. మాసయ్య తినడు కాబట్టి ఆ పోగు కాంతమ్మ ఇంటికి పోయేది. మణెమ్మ తన పోగుకు వేరే డబ్బు కట్టేది. కాంతమ్మ మొగుడు లింగయ్య. మాసయ్యకు ముందు పన్నెండేళ్ళు పోగులు పెట్టినవాడు అతనే; తినేవాడైనా చెయ్యి వంగనివాడు. జ్వరమొచ్చి చనిపోయాడు. ఆ ఇంటికి ఆ పోగు పోవడం ఊరికి కొత్త కాదు, వింత కాదు. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఇలా నడుస్తుండగా పోయిన దసరాకు రెండు రోజుల ముందు, మాసయ్య చెల్లెలి కూతురు సుమన హైదరాబాదు నుంచి ఒక తెల్లటి డబ్బా పట్టుకుని దిగింది. ఐసుగడ్డల డబ్బా చూసి పోలియో చుక్కలనుకుని ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చారు. ఆ అమ్మాయి ఏదో పరిశోధనశాలలో పనిచేస్తుందని అందరికీ తెలుసు. ఏం పరిశోధనో ఆ రోజే తెలిసింది.

"మామా, ఇది మేక మాంసం. గని ఏ మేకా సావలే" అంది సుమన, మూత తీసి. లోపల వేలెడంత ముక్క ఉంది.

మాసయ్య మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "సావకుంటే మాంసమెట్లొస్తది?"

"బతికున్న మేక నుంచి సూదిమొనంత కండ తీస్తం. దాన్ని గాజు పాత్రల పెట్టి, కావలసిన మేత పెడ్తె పెరుగుతది. మేక మేక దిక్కే ఉంటది, మాంసం మాంసం దిక్కే ఉంటది. ఇది ఇంకా అంగట్లకు రాలే. రుచి చూసి చెప్పేటోళ్ళు కావాలె. అందర్ల నువ్వే యాదికొచ్చినవ్."

"దానికి పెట్టే మేతేంది?"

"ఒకప్పుడు లేగదూడ నెత్తురు నుంచి తీసేటోళ్ళు..."

"సూసినవా!" అని మాసయ్య లేచి నిలబడ్డాడు, తప్పించుకునే దారి దొరికినట్టు. "నెత్తురు!"

"ఆగు మామా. మేం గది వాడుతలేం. చెట్లకెల్లి తీసింది పెడ్తున్నం."

మాసయ్య మళ్ళీ కూర్చున్నాడు.

కిరాణా కొట్టు శ్రవణ్ కుమార్ అప్పటికే కొట్టు వదిలేసి వచ్చాడు. మాసయ్య కారణాలకు ఆ ఊళ్ళో ఆయన కన్నా పెద్ద అభిమాని లేడు. "బిడ్డా, గీ మాంసానికి కార్జం ఉంటదా?" అని అడిగాడు.

"ఉండదు."

"బోటి?"

"లేదు బాబాయ్."

"తలకాయ?"

"వట్టి కండనే."

"తలకాయ లేనిది ఏం యాట? ఎల్లమ్మ తల్లికి ఏం చూపెడ్తం?" అన్నాడు శ్రవణ్ కుమార్. కొంచెంసేపు గడ్డం గోక్కుని, "ఇంకొకటి. ఆ మేక బతికే ఉన్నదంటున్నవ్. మనం దాని కూర తింటుంటే అది వాకిట్లకొచ్చి 'మే' అన్నదనుకో. ఎటు చూడాలె?" అన్నాడు.

పరిశోధనశాలలో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదంది సుమన.

శ్రవణ్ కుమార్ మాసయ్య వైపు తిరిగాడు. "అది సరే గని, మాసన్నా, జీవం పోలే, పాపం లేదు. ఇగ నీకేం అడ్డం? తింటవా?"

"పండుగ నాడు చెప్త" అన్నాడు మాసయ్య. మణెమ్మ గమనించింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు డబ్బా మీదున్నాయి, గొంతు గుటకలు మింగుతోంది.

సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. సగం మంది మాసయ్య తింటాడని, సగం మంది తినడని. కానీ రెండు పక్షాలకూ ఒకే భయం. ఈ ముక్క తిన్నవాడు రేపు అసలు ముక్క తింటాడు. తినడం మొదలుపెడితే పోగులు ఎవరు పెట్టాలి? లింగయ్య జబ్బుపడ్డ ఏడు తినేవాడొకడు పంచితే బోటి దగ్గర రెండు ఇళ్ళవాళ్ళు కట్టెలు తీశారు. ఆ ఇళ్ళమధ్య ఇప్పటికీ మాటల్లేవు. "అమ్మా సుమనా, నీ డబ్బ మంచిదే గని మా ఊరిని పరేషాన్ చేస్తున్నది" అన్నారు పెద్దలు.

మణెమ్మకు ఊరి గొడవ పట్టలేదు. ఆమెకు ఒక్కటే ఆశ. ఇన్నేళ్ళకు ఆయనచేత తినిపించే దారి దొరికింది. ఎవరు చెప్పినా వినడు గానీ వదినె అని పిలిచే కాంతమ్మ మాట వింటాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళింది. కాంతమ్మ అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది.

"అక్కా, మా ఆయనకు నువ్వు జర చెప్పు. గా ముక్క తినుమను."

కాంతమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది. "నేను చెప్పాల్నా?" అంది. తర్వాత నవ్వింది. నవ్వు ఆగాక, "నీకు ఇన్నేండ్లు చెప్పనే లేదా?" అంది.

"ఏంది చెప్పేది?"

"లింగయ్య పోయినంక అది మొదటి దసరా. పొద్దున లేసి, వాకిలి ఊడ్సి, గిన్నె తీస్కొని పోయిన. పన్నెండేండ్లు పంచినోని పోగుకు పోయిన కాళ్ళు మణెమ్మా, అవే తీస్కపోయినయి. అందరి నడుమకు పోయినంక యాదికొచ్చింది, మనిషి లేడు, పోగు లేదని. అందరు నన్నే చూస్తున్నరు. గిన్నె కొంగు కింద దాస్తే దాగుతదా? వెనక్కి తిరిగిన. మీ ఆయనకు అదే మొదటిసారి పంచుడు. 'వదినే, ఆగు' అన్నడు. 'నా పోగు తీస్కపో. నేను తింటలేను' అన్నడు. 'ఎప్పటి సంది?' అన్న. 'నిన్నటి సంది' అన్నడు."

మణెమ్మ అరుగు మీద కూలబడింది.

"నేనూ ఊకోలే. 'నువ్వు తినేటోనివైతే నాకొద్దు, ధర్మానికి ఇచ్చింది నా పిల్లలు తినరు' అన్న అందరి ముందర. 'పిత్తం, ఒట్టు' అన్నడు. గంతే, ఆ ఒట్టు కోసం బతుకంతా తినుడు బంద్ చేసిండు."

"అబద్ధమని నీకు తెలుసా మరి?"

"తెల్వకుంటదా? పోగులు పెట్టేటప్పుడు ఆ గొంతు చూడు. పిల్లలు చిన్నగుండిరి, తీసుకున్న. పెద్దగైనంక వద్దందామనుకున్న. అప్పటికి ఆయన ఊరందరికి నలబై కారణాలు చెప్పి కూసున్నడు. నేను వద్దంటే పాపం ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

ఇంటికి వస్తూ మణెమ్మ దారిలో రెండుసార్లు ఆగింది. ఒకసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. రెండోసారి నవ్వు రాలేదు. రేపు అందరి ముందు ఆయన ఆ ముక్క తింటే, ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాడని ఊరికి తెలిసిపోతుంది. కాంతమ్మ ఇంటికి పోయిన పోగులన్నీ దానమైపోతాయి. తినకపోతే, ఇక చెప్పడానికి కారణమే లేదు. తనే కోరిమరీ ఆయన్ని ఈ మూలకు తోసింది. ఆ పూట ఆయన తినే చిక్కుడుకాయ కూరలో మణెమ్మ రెండు చెంచాల నెయ్యి ఎక్కువ వేసింది.

దసరా పొద్దున మోదుగాకులు పరిచారు. మాంసం సిద్ధంగా ఉంది. మాసయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. ఊరంతా అక్కడే ఉంది.

"పోగులు తర్వాత పెడుదువు. ముందు మాట చెప్పు మాసన్నా" అన్నాడు శ్రవణ్ కుమార్. "సుమన ముక్క తింటవా, తినవా? తినకుంటే ఎందుకు తినవు?"

మాసయ్య నోరు తెరిచాడు. ఊరు చెవులు రిక్కించింది. ఆయన నోరు మూశాడు. మళ్ళీ తెరిచి, "అది... గాజు పాత్ర..." అన్నాడు. అక్కడితో ఆగిపోయింది. మేనత్త లేదు, కురుమూర్తి స్వామి లేడు, పిత్తం లేదు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి మాసయ్యకు కారణం దొరకలేదు. ఆయన చూపు గుంపులో గిన్నె పట్టుకుని నిల్చున్న కాంతమ్మ మీదికి పోయి, చటుక్కున నేల మీదికి దిగింది.

కాంతమ్మ ముందుకొచ్చింది. గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకు దోపింది. "జరుగు మరిదీ. ఇయ్యాల్టి సంది పోగులు నేను పెడ్త."

గుంపు గొల్లుమంది. "ఆడోళ్ళు పోగులు పెడ్తరా?"

"ఎందుకు పెట్టొద్దు? ఒక్క కోడిని నలుగురు పిల్లలకు, ఒక మొగనికి పంచిన చెయ్యి ఇది. మీ ఇండ్లల్ల పంచేదెవరు, మీరా?"

"గని నువ్వు తింటవు గద అక్కా?" అన్నాడు శ్రవణ్ కుమార్.

"తింట. అందరు తీస్కున్నంక ఆఖరుకు మిగిలిందే నాది. ఏ పోగు తక్కువ పెడ్తె అదే నాకు మిగులుతది. ఇగ చెప్పు, నా చెయ్యి ఎటు వంగుతది?"

శ్రవణ్ కుమార్ దీన్ని లోపల రెండుసార్లు తిప్పి చూసుకుని, "లా పాయింటున్నది" అన్నాడు.

కాంతమ్మ కూర్చుంది. ఇరవై ఒక్క పోగులు. మాసయ్య పక్కనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుతూ చూశాడు. చివరికి ఉండబట్టలేక, "వదినే, నాలుగో పోగుల బోటి..." అన్నాడు.

"ఇప్పుడు పంచేది నేను" అంది కాంతమ్మ, తల ఎత్తకుండా. అయినా నాలుగో పోగులో ఒక ముక్క వేసింది.

పోగులన్నీ వెళ్ళిపోయాక చివరిది తన గిన్నెలో వేసుకుని లేచింది. "ఇది పంచినదాని పోగు" అంది అందరికీ వినబడేలా. తర్వాత మాసయ్య పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి, "ఇగ నువ్వు తింటవో, మానుకుంటవో నీ ఇష్టం మరిదీ. చాన రోజులు మోసినవ్" అంది. మాసయ్య రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా.

మధ్యాహ్నం ఇంట్లో మణెమ్మ కంచం పెట్టి, తన పోగుతో వండిన కూర వేడివేడిగా వడ్డించింది.

"కాంతమ్మక్క అంతా చెప్పింది" అంది.

మాసయ్య కంచం దగ్గరికి లాక్కున్నాడు. "పిత్తం గూడ ఉండె" అన్నాడు.

"తిను."

ముక్క తీశాడు. నోటిదాకా తెచ్చాడు. అక్కడే ఆపాడు. "మణెమ్మా, ఇది మొన్న మన గేటు కాడ కట్టేసిన నల్లపోతు గద? మనిషిని చూస్తే చెయ్యి నాకేది." ముక్కను మెల్లగా ఆమె కంచంలో పెట్టాడు. "ఇరవై ఏడేండ్లు ఊరికి చెప్పిన. ఊరు నమ్మలే. నేనే నమ్మిన."

మణెమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు.

అప్పుడు సుమన తన వేలెడంత ముక్కను నూనెలో వేయించి, చిన్న గిన్నెలో తెచ్చింది. మాసయ్య గిన్నె ముట్టుకోకుండా, "ఆ మేక ఏడున్నది?" అన్నాడు. సుమన ఫోన్లో ఫోటో చూపించింది. తెల్లటి మేక, చెవులు వేలాడేసుకుని, నోట్లో గడ్డిపోచతో.

"పేరేంది?"

"నంబరున్నది మామా. పదిహేడు."

"నంబరేంది, పేరు పెట్టుండ్రి. తిండి పెట్టిన చెయ్యికి పేరుండాలె." ఫోటోను కొంచెం దూరంగా పట్టుకుని, మేక ముఖం తేరిపార చూశాడు. "మంచిగున్నవా?" అన్నాడు దానితో. అది బాగానే ఉన్నట్టు నమ్మకం కుదిరాక గిన్నె అందుకున్నాడు.

కళ్ళు మూసుకుని నమిలాడు. సుమన కాగితం, పెన్నూ తీసి పక్కన కూర్చుంది.

"మామా, కాగితంల అడిగిండ్రు. వాసన ఎట్లుంది?"

"మంచిగున్నది."

"మెత్తగున్నదా?"

"ఉన్నది."

"మామూలు మేక మాంసంతోని పోలిస్తే ఎట్లుంది?"

మాసయ్య కళ్ళు తెరిచాడు. ఆలోచించాడు. మంచం మీద అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ముఖంలో నిజమైన ఇబ్బంది కనబడింది.

"మామూలు మాంసం ఎట్లుంటదో మర్శిపోయిన బిడ్డా" అన్నాడు.

"మరి ఏం రాయాలె?"

"మీ అత్తనడుగు. ఆమెకు యాదుంటది."

మణెమ్మ రుచి చూద్దామని గిన్నెలో చెయ్యి పెట్టింది. గిన్నెలో ఏమీ లేదు. సుమన పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, ఆ ప్రశ్న ఎదురుగా ఉన్న ఖాళీలో ఇలా రాసింది: "పోల్చి చెప్పలేనన్నారు. గిన్నె మాత్రం వేలితో తుడిచి నాకారు."